మందు ఆపొద్దన్నది నేనే

కొన్నేళ్ళుగా నా దగ్గర నాకే కంపు కొడుతోంది. స్నానం చేస్తే పోయే కంపు కాదు. పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసి "థూ" అనుకున్న రోజులున్నాయి. అనుకుని, మళ్ళీ నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకు పోయాను. నా పశ్చాత్తాపం ఎత్తు అంతే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ము లేకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను మంచివాడిగా చూపించుకోబోతే కాస్త గమనించండి. నాకు ఆ అలవాటుంది.

మేం నాచారంలో ఉంటాం. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో టెక్నికల్ ఉద్యోగిని, త్వరలో రిటైరవుతాను. మా సంస్థకు సొంత డిస్పెన్సరీ ఉంది. ఉద్యోగికీ, భార్యకూ, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ మందులు ఉచితం. బయట జనం మందుల షాపు ముందు నిలబడి, చీటీలో ఏ మందు వదిలేస్తే ఈ నెల గడుస్తుందా అని చూసుకుంటారు. మేం సంచి పట్టుకెళ్ళి నింపుకొస్తాం. నింపుకొచ్చి, మా డిస్పెన్సరీలో ఏదీ సరిగ్గా దొరకదని విసుక్కుంటాం కూడా.

అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట పొయ్యి ఆర్పడం మరిచిపోయేది. తర్వాత తర్వాత నన్ను చూసి, ఎప్పుడో పోయిన తన అన్న అనుకునేది. మాత్రలు వేస్తే వాంతులు. అందుకని మా డాక్టరు ప్యాచ్ రాశారు. వీపు మీద అంటించే చిన్న గుండ్రటి పట్టీ అది, మందు చర్మంలోంచి లోపలికి ఇంకుతుంది. రోజుకొకటి మార్చాలి. ఒక్కోటి విడి కవరులో ఉంటుంది. దాని బయటి ధర మొదటిసారి చూసినప్పుడు నోరెళ్ళబెట్టాను. ఒక నెల ప్యాచీల ఖరీదు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే మనిషి జీతంలో సగానికి దగ్గర. జబ్బును నయం చేయదు, కాస్త నెమ్మదిగా ముదిరేలా చేస్తుందేమో అని డాక్టర్లే అంటారు. ఆ 'ఏమో'కు అంత ధర! తయారు చేసేవాడినీ, రాసేవాడినీ, అమ్మేవాడినీ తిట్టాలనిపిస్తుంది. తిట్టాను కూడా, చాలా చోట్ల, చాలా గట్టిగా. ఇప్పుడు తిట్టను. వాళ్ళ వరసలో నేనూ నిలబడ్డాను, అదీ వాళ్ళకన్నా హీనంగా.

మొదటి నెలల్లో అమ్మ కొంచెం కుదురుగా ఉన్నట్టే అనిపించింది. మందు వల్లనో, మా ఆశ వల్లనో. అప్పుడే అరుణ అడిగింది.

అరుణ మా వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. జనగామ దిక్కు మనిషి. మల్లాపూర్‌లో ఒక యూనిట్‌లో ప్యాకింగ్ పని. ఆమె భర్త నర్సింహ అక్కడే ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద చేసేవాడు. యాభై దాటాయో లేదో, అతనికీ ఇదే జబ్బు. కొలతలు తప్పుతున్నాడని ముందు షెడ్డు ఓనరు గమనించాడు, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు. ఒక్కతే కూతురు, స్వప్న, అప్పటికి ఇంటర్ చదువుతోంది. సాయంత్రం పూట అరుణ మా అమ్మను పలకరించడానికి వచ్చేది. ఒకే జబ్బు ఉన్న రెండిళ్ళ మధ్య ఒక చుట్టరికం పుడుతుంది, అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అమ్మ వీపు మీద ప్యాచ్ చూసి ఇదేందన్నా అని అడిగింది. మంచి మందే, మీ డాక్టర్ని అడిగి చూడు అన్నాను. ఆ మాట నిజాయితీగానే అన్నాను. ఇందులో నేను నిజాయితీగా అన్న మాట అదొక్కటే. ఉప్పల్‌లో వాళ్ళు చూపించుకునే నరాల డాక్టరు నర్సింహకు కూడా ప్యాచ్ రాశాడు.

తర్వాత మా అమ్మ వీపు కందిపోయింది. దద్దుర్లు లేచాయి. ప్యాచ్ అంటించగానే పీకి పారేసేది. ఒకరోజు దాన్ని నోట్లో పెట్టుకుని నములుతుంటే నా భార్య వేలు పెట్టి లాగింది. అంతటితో వేయడం మానేశాం. ఇక్కడి వరకూ నేను తప్పు చేయలేదు. డాక్టరుకు చెప్పి, రాయడం ఆపించాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఇప్పటికీ నాకు దొరికే సమాధానం ఒక్కటే: ఉచితంగా వచ్చేదాన్ని వద్దనడం మా ఇంటావంటా లేదు.

వాడని డబ్బాలు అల్మారాలో పేరుకున్నాయి. ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ దాటాక ఒక మందుల షాపు ఉండేది. అమ్మకు డైపర్లు అక్కడే కొనేవాణ్ణి. మాటల్లో ప్యాచీల సంగతి వచ్చింది. షాపాయన కౌంటరు మీదికి వంగి, "ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తరు సార్, నాకియ్యిన్రి. సగం ధర ఇస్త" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. తటపటాయించానని రాద్దామనుకున్నాను. లేదు.

మొదట ఆ డబ్బు డైపర్లకే అనుకున్నాం. ఆ తర్వాత మా పడకగదికి ఏసీ వచ్చింది. అమ్మ గదికి కాదు, మా గదికి. అమ్మకు ఫ్యానే. నేను అమ్ముతున్న సంగతి నా భార్యకు తెలుసు. "మీ అమ్మ పేరు మీద అదన్నా రానియ్యి" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. కానీ అరుణ సంగతి ఆమెకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు.

కొన్ని నెలలకోసారి అమ్మను డిస్పెన్సరీ డాక్టరుకు చూపించాలి, లేకపోతే మందు మళ్ళీ రాయరు. ఆ రోజు పొద్దున్నే, ఇంకా మానని చర్మం మీద, ఒక ప్యాచ్ అంటించి తీసుకెళ్ళేవాణ్ణి. డాక్టరు చూడాలి కదా! కారులో దారి పొడవునా అమ్మ ఏడ్చేది. "అన్నా, మంట పుడుతుందే" అని నన్నే బతిమాలేది. వీపు చూసి డాక్టరు ఇదేంటని అడిగితే, చెమటకాయలు సార్, ఎండలు కదా అన్నాను. కన్నతల్లి వీపు మీద అబద్ధం అంటించి తీసుకెళ్ళిన కొడుకును మీరెక్కడైనా చూశారా? చూడండి, ఇప్పుడు చూడండి.

ఇంతలో డిస్పెన్సరీలో కొత్త పద్ధతి పెట్టారు. మందులు బయటికి పోతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారట. ఖరీదైన మందులకు, పోయిన నెలవి వాడిన ఖాళీ కవర్లు తిరిగి ఇస్తేనే కొత్తవి. పాత కవర్లు ఎక్కడినుంచైనా ఏరి తేకుండా, ఫార్మసిస్టు ప్రతి కవరు మీదా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి ఇచ్చేవాడు. క్యూలో నిలబడి నేను అందరికంటే గట్టిగా మెచ్చుకున్నాను. "మంచి పని చేశారు సార్, ఇట్లాంటి దొంగలకు బుద్ధి రావాలె." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నేను తడుముకోవడం కాదు, చప్పట్లే కొట్టాను.

స్కూటర్ మీద ఇంటికి వస్తూ ఆలోచించాను. నా బుర్ర ఆఫీసులో కూడా ఎప్పుడూ అంత చురుగ్గా పనిచేయలేదు. కవరు చింపితే లోపలి ప్యాచ్ అమ్ముడుపోదు. చింపకుండా అమ్మితే కవరు కొన్నవాళ్ళతో పోతుంది. కాబట్టి ఆ కొన్నవాళ్ళు ఎవరో నాకు తెలిసుండాలి, వాడిన కవర్లు నాకు తెచ్చివ్వాలి, ఎందుకని అడగకూడదు. అలాంటి మనిషి కోసం వెతకనక్కర్లేకపోయింది. మా వెనక సందులోనే ఉంది.

అరుణకు చెప్పాను. ఉప్పల్‌లో ఫలానా షాపులో ఈ ప్యాచ్ మీద తగ్గింపు ఇస్తున్నారు, అక్కడే తీసుకో అని. వాడిన కవర్లు పారేయకుండా నాకివ్వు, మా ఆఫీసులో చూపించి మీలాంటివాళ్ళకు తక్కువ ధరకు ఇప్పించే దారి ఏమైనా ఉందేమో అడుగుతా అని కూడా చెప్పాను. అలాంటి దారి ఏదీ లేదు. ఉందని అప్పటికప్పుడు పుట్టించాను. ఆమె రెండు చేతులెత్తి దండం పెట్టింది.

షాపాయనతో మాట్లాడి, నేనిచ్చిన డబ్బాలు ఆమెకే వెళ్ళేలా, కొంచెం ధర తగ్గించేలా ఏర్పాటు చేశాను. అక్కడ నా మనసు ఎంత కుళ్ళిందో చూడండి. ఆమెకు నా వల్లే కదా నాలుగు రూపాయలు తగ్గాయి అని కొన్నాళ్ళు గర్వపడ్డాను కూడా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాలు పోసినవాళ్ళకు ఉపకారం చేస్తున్నాననుకునే పిల్లి నేనొక్కడినే అయ్యుంటాను.

నర్సింహను వదిలి మా ఇంట్లోకి వచ్చి కూర్చునే తీరిక అరుణకు అప్పటికే పోయింది. నెల కాగానే గేటు దగ్గర నా చేతికి కవర్లు తెచ్చిచ్చేది. ఒక్కోటీ తుడిచి, చదును చేసి, రబ్బరు బ్యాండు వేసి. ఒక్కటి తగ్గినా మంచం కింద, పరుపు కింద వెతికి తెచ్చేది. ప్రతి దాని మీదా ఎర్ర టిక్కు. అది చూసి ఆమె ఒకసారి, షాపోళ్ళు పెడతరేమో అంది. అవును, లెక్క కోసం పెడతారు అన్నాను. మా అమ్మ పేరు మీద వచ్చిన ప్యాచ్ నర్సింహ వీపు మీదికి పోయి, దాని కవరు నా చేతికొచ్చి, ఆ కవరుతో మళ్ళీ కొత్త ప్యాచ్ వచ్చేది. మధ్యలో అరుణ జీతం కరిగేది. "ఆఫీసోళ్ళు ఏమన్నరన్నా?" అని అడిగితే, ఫైలు పైకి పోయింది అనేవాణ్ణి. ఎంత పైకి పోయిందో ఆ ఫైలు, దేవుడికైనా కనబడి ఉండదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. రావడానికే ఇంత చుట్టు తిరిగాను.

అరుణ వాళ్ళకు మేడిపల్లిలో ఒక చిన్న ప్లాటు ఉండేది. నర్సింహ ఓవర్‌టైమ్ చేసి, ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టి కొన్నది. రెండు గదులు వేసుకుని అద్దె కొంప వదిలేయాలని వాళ్ళ ఆశ. ఆదివారాలు ముగ్గురూ బస్సెక్కి అక్కడికి పోయి, పిచ్చిమొక్కలు పీకి, హద్దురాళ్ళకు సున్నం వేసి, కట్టుకెళ్ళిన పులిహోర అక్కడే తిని వచ్చేవాళ్ళు. ఖాళీ జాగాలో కూర్చుని తినడమేంటి, పిచ్చివాళ్ళు కాకపోతే అని నా భార్యతో అన్నాను ఒకసారి. జబ్బు ముదిరాక కూడా నర్సింహకు ఆ ప్లాటు దారి గుర్తుండేది. ఇంటి దారి మరిచిపోయాడు కానీ ఆ దారి మరిచిపోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర కారు తుడుస్తున్నాను. అరుణ వచ్చింది.

"అన్నా, జర ఒక మాట అడగాలె."

"చెప్పు."

"డాక్టర్ దగ్గరికి పోయినం. ఇగ ఈ ప్యాచీలతోని పెద్ద ఫాయిదా కనవడ్తలేదు, పైసలకు తిప్పలైతే మెల్లగ బంద్ జేసి సూద్దాం అన్నడు. నాకేమో గుండె దడదడ అంటుంది. అప్పులు మస్తయినయి. ప్లాటుకు బేరమొచ్చింది. అది అమ్మితే అప్పు తీరుతది, ఇంకో రెండేండ్లు మందుకు ఫికరుండదు. బంద్ జేసుడా, ప్లాటు అమ్ముడా? నాకు సమజైతలేదు. నువ్వు సదువుకున్నోనివి. అమ్మకు గవే వాడుతున్నరు గదా. నిజం జెప్పు, పనిజేస్తున్నయా?"

నిజం చెప్పు అంది. ఆ మాటే అంది.

లోపలి నుంచి అమ్మ కేకలు వినబడుతున్నాయి, వాళ్ళ అన్నను పిలుస్తోంది. అమ్మకు ప్యాచ్ వేయడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. "మేం మానేసినం అరుణా, పడలేదు. డాక్టర్ చెప్పినట్టు చెయ్యి" అంటే సరిపోయేది. నోరు తెరిస్తే రెండు ముక్కలు. కానీ ఆమె ఆపేస్తే నాకు కవర్లు ఎక్కడివి?

"మంచిగనే పనిజేస్తున్నయి" అన్నాను. "బంద్ చేస్తే మనిషి ఒక్కసారే పడిపోతడు. డాక్టర్లకేంది, వంద మందిని సూస్తరు, నోటికొచ్చింది అంటరు. ఇంట్ల ఉండి సూసేది మనం. అయినా మనిషి కంటె ప్లాటు ఎక్కువనా, అరుణా?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గంతే అన్నా. నువ్వు జెప్పినవంటె ఇగ రెండో ఆలోచన లేదు."

మనిషి కంటే ప్లాటు ఎక్కువనా! ఆ మాట అన్నప్పుడు నా మాటకు నేనే నిజంగా కరిగిపోయాను. దొంగతనం ఒక ఎత్తు. అబద్ధం ఒక ఎత్తు. నీతులు చెబుతూ ఇల్లు కూల్చడం వీటన్నిటినీ మించిన నీచం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పరాయి ఇంటికి అన్న అయి కూర్చున్న దొంగను ఎవరు పడతారు?

ప్లాటు అమ్మేశారు. రిజిస్ట్రేషన్‌కు నర్సింహను తీసుకుపోవాలి, ఆటో ఎక్కించడానికి రమ్మంటే నేనే వెళ్ళాను. మేడిపల్లి పోతున్నాం అనగానే అతను తనంతట తానే చెప్పులేసుకున్నాడు. ప్లాటు చూడ్డానికే అనుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఆటో ఆగితే దిగనన్నాడు, ఇది కాదు ఇది కాదు అని డ్రైవరుకు దారి చూపిస్తున్నాడు. నేనే చెయ్యి పట్టుకుని దింపాను.

ఆ తర్వాత ఇంకొన్నాళ్ళు అంతా అలాగే నడిచింది. మా అమ్మ పోయింది. నాకు డబ్బాలు రావడం ఆగింది, ఆమెకు తగ్గింపూ ఆగింది. ఫైలు వాపసు వచ్చిందని చెప్పాను. అయ్యో, నువ్వు ఎంత తిరిగినవో అన్నా అని ఆమె నా కోసం బాధపడింది. ఆఖరి డబ్బా ఒకటి అల్మారాలో మిగిలింది. అది తీసుకెళ్ళి ఆమెకు ఊరికే ఇచ్చి ఉండొచ్చు. దాన్ని కూడా అమ్ముకున్నాను. నర్సింహ పోయిన ఏడాది పోయాడు.

ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి ఇప్పుడెందుకు చెబుతున్నాను? పోయిన వారం అరుణ మా ఇంటికి వచ్చింది, స్వప్నను వెంటబెట్టుకుని. ఆ పిల్ల ల్యాబులో ఉద్యోగం చేస్తోంది, తనతో పనిచేసే అబ్బాయినే చేసుకుంటోంది. పెళ్ళి నాచారంలోనే. అరుణ నాకు బొట్టు పెట్టింది. తనకు అన్నదమ్ములు లేరు.

"మేనమామవు నువ్వే అన్నా. నువ్వే పిల్లను తీస్కొచ్చి పీటల మీద కూసోవెట్టాలె" అంది.

నేను తల దించుకుంటే మొహమాటపడుతున్నాననుకుంది. ఇంకో మాట కూడా అంది. "ప్లాటు పోతే పోయింది, దానికి నాకేం రంది లేదు. నువ్వు గట్టిగ జెప్పకపోతే నేను మందు బంద్ జేస్తుంటి. దాన్ని నడిపినందుకే ఆరేడు నెలలు ఎక్కువ నన్ను పేరువెట్టి పిలిసిండు. గది జాలు."

స్వప్న వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. వంటింట్లో ఉండి అరుణ మాట వినని నా భార్య, అప్పుడే బయటికొచ్చి ఆ దండం చూసి మురిసిపోయి స్వీటు తెచ్చింది. నేను సరే అన్నాను. స్వీటు తిన్నాను.

చెప్పాలా వద్దా అని అప్పటి నుంచి నాలో నేనే వాదించుకుంటున్నాను. చెబితే, ఆమె దగ్గర మిగిలిన ఆ ఆరేడు నెలలు కూడా లాక్కున్నట్టవుతుంది కదా? ప్యాచ్ వల్లనే నర్సింహ ఆమెను పేరు పెట్టి పిలిచాడో, జబ్బు దాని నడక అది నడిచిందో నాకు తెలియదు. డాక్టరుకే తెలియదు. నేనిచ్చిన సలహా మందు గురించి కాదు, నా కవర్ల గురించి. ఆమె సుఖం కోసం చెప్పకుండా ఉంటున్నాననే ఈ ఆలోచన ఎంత సౌకర్యంగా ఉందో గమనించారా? నన్ను నేను మంచివాడిగా చూపించుకుంటానని ముందే చెప్పాను. ఇదే అది.

రిటైర్మెంటు డబ్బు వస్తుంది. అందులోంచి ఇవ్వొచ్చు. ఏ పేరు చెప్పి ఇవ్వాలి? మేనమామ కానుక అంటే ఆమె మళ్ళీ దండం పెడుతుంది. ఆ దండం ఇంకొకటి నేను భరించలేను. నిజం చెప్పి ఇస్తే తీసుకోదు. మల్లాపూర్‌లో రోజంతా నిలబడి డబ్బాలు కట్టిన మనిషి, నా ముఖాన కొడుతుంది. కొట్టాలి. అలా కొట్టించుకోవడానికి కూడా కొంచెం మనిషితనం కావాలి, అది నా దగ్గర ఉందో లేదో పెళ్ళిలోపు తేలుతుంది. లేదనే నా అనుమానం.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించడానికి మీరెవరు? పోగొట్టుకున్నది మీరు కాదు. నాకు కావలసింది వేరు. ఒక మనిషి డాక్టరు మాట విని మందు ఆపబోయింది, ఆపొద్దని నేను చెప్పాను. అదే మందు మా ఇంట్లో మానేసి అప్పటికి ఏడాది దాటింది. ఈ రెండు మాటలనూ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టలేదు, నా మనసులో కూడా. ఇప్పుడు పెట్టాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు అసహ్యంగానే ఉంది.